ఊరకుండుట, మౌనము: మెట్టసీమ సంఘముల ప్రార్థనాభాషను గూర్చి యొక విమర్శము

తెలుఁగునఁ బ్రార్థనాభాషను బరిశీలించువారు సాధారణముగాఁ గీర్తనలతో నారంభించి కీర్తనలతోనే ముగింతురు. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలగువారి కృతులు నేఁటికిని గ్రామసంఘములలోఁ బాడఁబడుచున్నవి గావున నిది సహజమే. ఐనను గీర్తన ముగిసిన పిమ్మట సంఘము కన్నులు మూసికొని కూర్చుండఁగా నెలకొను నిశ్శబ్ద మొకటి కలదు. దానికిఁ దెలుఁగున నేమి పేరు? ఆ పేరు విన్నవారికి దాని యర్థమేమి? ఈ ప్రశ్నలను మన విమర్శకులు తగినంతగా విచారింపలేదు. కృష్ణామండలపు మెట్టసీమయై, 2022వ సంవత్సరమున నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల సంఘచరిత్రము నాధారముగాఁ గొని వీనిని విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మౌనధ్యానమును గూర్చి రెండభిప్రాయములు వాడుకలో నున్నవి. మౌనము మునులకును మఠవాసులకును జెల్లునది, పొలమునుండి యలసి వచ్చిన గ్రామసంఘమునకుఁ గీర్తనయే చాలునని యొక పక్షము. కీర్తన ప్రార్థనకుఁ దొలిమెట్టు మాత్రమే, మౌనమే పైమెట్టు, కావున సంఘము పాటను విడిచి మౌనమున కెక్కవలయునని రెండవ పక్షము. మొదటిది సంఘమును దక్కువగా నెంచుచున్నది. రెండవది సంఘచరిత్రమును మఱచుచున్నది. రెండును సరిగావని మా తలంపు.

మొదటి పక్షమునకు సమాధానము జగ్గయ్యపేటలోనే కలదు. ఈ పేటకుఁ బూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు తన తండ్రి పేర దీనిని బేటగా నెలకొల్పెనని ప్రసిద్ధి. దీనికిఁ జేరువనున్న కొండమీఁది బౌద్ధస్తూపమును 1882లో జేమ్సు బర్జెసు వెలుఁగులోనికిఁ దెచ్చెను. ఇక్ష్వాకురాజైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యవర్షమున, అనఁగాఁ గ్రీస్తుశకము మూఁడవ శతాబ్దియందు, సిద్ధార్థుఁడను శిల్పి యచ్చటి మహాచైత్యమునకు నైదు ఆయకస్తంభములను సర్వసత్త్వముల హితసుఖములకై సమర్పించెనని యందలి శాసనములు చెప్పుచున్నవి. భిక్షువులు కూడినప్పుడు ధర్మకథయైనఁ జేయవలయును, ఆర్యమైన మౌనమునైనఁ బాటింపవలయునని పాలిగ్రంథములలో బుద్ధుని యుపదేశము గలదు.

ఇచట రెండంశములు గమనింపఁదగినవి. ఒకటి, ఆ మౌనము ఏకాకి మౌనము గాదు. పలువురు కూడి పాటించిన సంఘమౌనము. రెండు, ఆ సంఘమునకు స్తంభము లెత్తినవాఁడు రాజు గాఁడు, మునియుఁ గాఁడు, చేతిపనివాఁడు. బౌద్ధసంఘమునుండి నేఁటి క్రైస్తవసంఘమునకుఁ బరంపర గలదని మే మనము. నడుమ నెన్నియో శతాబ్దుల యెడము గలదు. కాని 'సంఘము' అను మాటయే నేఁడును జగ్గయ్యపేట క్రైస్తవుల నోట వినఁబడుచున్నది. మౌనము పనివాండ్రకుఁ బరాయిదను వాదము ఈ సీమ ఱాళ్లకే విరుద్ధమని మాత్రము చెప్పవచ్చును.

ఇఁక గ్రైస్తవసంఘముల పుట్టుకను జూతము. 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను మిషనరీలు బందరునకు వచ్చిరి. నోబిలు 1843లోఁ బాఠశాలను స్థాపించి యగ్రవర్ణముల బాలురకు విద్య గఱపెను. అది గ్రంథమార్గము. మెట్టసీమలో సంఘ మట్లు పుట్టలేదు. రాఘవాపురమున మాలకులమునఁ బుట్టిన పగోలు వెంకయ్య విగ్రహములయందు నమ్మకము గోల్పోయి, పేరైనఁ దెలియని దేవుని నుద్దేశించి, ఆ దేవుఁ డెవరో, యెచ్చట నున్నాఁడో తనకుఁ దెలుపుమని వేఁడుకొనుచుండెనని మిషను చరిత్రకారులు వ్రాసిరి. పిదప నాతఁడు బెజవాడలోని డార్లింగు దొరవలన 1859లో బాప్తిస్మము పొందెను. అతనితో నారంభమైన యుద్యమము పల్లెనుండి పల్లెకుఁ బ్రాఁకెను.

ఈ ప్రార్థనను మన సాహిత్యచరిత్రములు లెక్కింపవు. అది గ్రంథస్థమైన కృతి గాదు, పద్యమును గాదు. కాని ప్రార్థనారూపముగా దానిని విమర్శించినచో నొక విశేషము తోఁచును. అందు మాటలు గలవు. కాని యవి యొక ప్రశ్నకు మించినవి కావు. స్తుతి లేదు, నామావళి లేదు, కోరికల జాబితా లేదు. అడుగుట కొంచెము, బదులునకై వేచియుండుట యధికము. మాట స్వల్పమై నిరీక్షణము దీర్ఘమైన ప్రార్థనయే మౌనధ్యానమని యా మార్గపు గురువు లెల్లరు నొప్పుకొందురు. కావున మెట్టసీమ సంఘమునకు మౌనము వెలుపలనుండి తెచ్చిపెట్టిన వస్తువు గాదు. కీర్తనలపుస్తకము చేతికి రాకమునుపే యది యచ్చట నున్నది.

కథోలికులు గురువొకని పోషణలో నుండు సంఘసీమను 'విచారణ' యందురు. 1937లో బెజవాడ మేత్రాసన మేర్పడిన ప్రదేశమున నీ మాట నిత్యవ్యవహారమైనది. ఇచట విచారణ యనఁగా యోగక్షేమముల నరయుట. ఆ పదమునకే తత్త్వాన్వేషణ మను నర్థమును వేదాంతులలోఁ బ్రసిద్ధము. వెంకయ్య విషయమున రెండవ యర్థము ముందు వచ్చినది: ముందు దేవుని విచారించెను, పిదప సంఘముయొక్క విచారణలోఁ జేరెను. ఈ రెండర్థములను విడఁదీసిన సంఘము పద్దులు వ్రాయు కచ్చేరి యగును. విడఁదీసిన ధ్యానము తన్నుఁ దాను జూచుకొను నద్దమగును.

రెండవ పక్షమును బరీక్షించుటకు బైబిలు తెలుఁగును జూడవలయును. నిశ్శబ్దమునకు సంబంధించిన ప్రసిద్ధస్థలములు కీర్తనలగ్రంథమున రెండు గలవు. నలువదియాఱవ కీర్తనలో భాషాంతరకర్తలు 'ఊరకుండు' అను తెలుఁగుధాతువును వాడిరి. అఱువదిరెండవ కీర్తన తొలివాక్యమున 'మౌనము' అను తత్సమమును వాడిరి. హెబ్రీమూలమున మొదటిచోట నున్న 'రాఫా' ధాతువునకు సడలించు, చేయి విడుచు నని యర్థము. రెండవచోట నున్న 'దూమియ్యా' పదమునకు నిశ్శబ్దమని యర్థము. మూలమున వేఱువేఱైన పదములకుఁ దెలుఁగునను వేఱు పదములు వాడుట ప్రశంసనీయము. దోషము భాషాంతరమున లేదు. ఆ మాటలు పడిన చెవులచరిత్రమున నున్నది.

'ఊరక' యనుటకుఁ బని లేక, కారణము లేక, మాటాడక యని మూఁడర్థములు గలవు. చేతులు సడలించుటకును నోరు మూయుటకును నొక్కటే మాట చెల్లుటచే నిది మూలమునకుఁ జక్కఁగా నమరినది. కాని పల్లెలో నీ మాట యెవ రెవరితో ననిరి? యజమానుఁడు పాలేరుతో, కరణము వెట్టివానితో, పెద్ద చిన్నతో ననిన మాట యిది. కూలి తక్కువైనదని నోరు విప్పినవానికి వచ్చిన బదులు 'ఊరకుండు' మనుటయే. దేవాలయప్రవేశమునకు మద్రాసు రాష్ట్రమున సమగ్రమైన శాసనము 1947 దాఁక రాలేదు. అంతవఱకు గుడివెలుపల నూరకుండుటయే వారికి విధింపఁబడిన యారాధన. అట్టివారి చెవికి 'ఊరకుండుఁడు' అను దేవవాక్యము శాంతివచనముగా వినఁబడునా, దొరమాటగా వినఁబడునా?

ఆ కీర్తనయొక్క సందర్భమే దీనికి సమాధాన మిచ్చుచున్నది. అందు దేవుఁడు యుద్ధముల మాన్పువాఁడు, విండ్లు విఱుచువాఁడు, ఈటెలు నఱకువాఁడు. చేతులు సడలింపుఁడను నాజ్ఞ ఆయుధములు పట్టిన చేతులకే కాని వట్టిచేతులకుఁ గాదు. ఈ సందర్భమును విప్పి చెప్పక యీ యొక్క మాటను మాత్రము తీసి సంఘమునకు బోధించువారు దేవుని యాజ్ఞను యజమానుని యాజ్ఞగా మార్చుచున్నారు.

'మౌనము' విషయమున చిక్కు వేఱు. మునియొక్క భావము మౌనము. ఈ పదము వినఁగానే వనము, పర్ణశాల, ఏకాంతము మనస్సునకు వచ్చును. ఒకటి యజమానుని నోటిమాట, మఱియొకటి ముని సొత్తు. నడుమనున్న గృహస్థునకు, అందును గూలివానికి మాట లేదు. మత్తయి సువార్త యాఱవ యధ్యాయమున గదిలోఁ బ్రవేశించి తలుపు వేసికొని ప్రార్థింపవలయునను నుపదేశము గలదు. మూలమున నున్న గ్రీకుపదము 'తమెయియోన్' అనఁగా వస్తువులు దాఁచు లోపలికొట్టు. పలువురు కాఁపురముండు ఒంటినిట్టాడి గుడిసెలో గది యెక్కడ? తడికకుఁ దలుపెక్కడ? అక్షరార్థమునఁ జూచినచో నా యుపదేశము గదులుగలవారికే చెల్లును. ఆ లోపము తీర్చినది గ్రామమందిరమే. పగలు బడియై సాయంకాలము గుడియైన యా యొక్క కప్పు పల్లెకంతటికిని లోపలిగదియైనది. ఏకాంతము లేనివారికి సంఘమే యేకాంతము నిచ్చినది. సంఘజీవనమును మౌనధ్యానమును విరుద్ధములని తలంచువా రీ యంశమును గమనింపవలయును.

సంఘమధ్యమున మౌనప్రార్థన చేసినవారిలో బైబిలునఁ బ్రధానురాలు హన్నా. సమూయేలు మొదటిగ్రంథపు తొలియధ్యాయమున నామె పెదవులు గదలుచుండెను గాని స్వరము వినఁబడలేదు. మందిరపు పెద్దయైన ఏలీ యామె మత్తురాలని తలంచి మందలించెను. ఆమె యూరకుండలేదు, తన దుఃఖమును వివరించెను. ఏలీ విని, దీవించి పంపెను. ఈ కథలో విమర్శకునకుఁ గావలసిన దంతయుఁ గలదు. దేవునియెదుట మౌనము వహించిన స్త్రీ మనుష్యునియెదుట మౌనము వహింపలేదు. మౌనప్రార్థనయు మాటాడు హక్కును ఒకే మనుష్యునియందు నిలిచినవి.

పాశ్చాత్యదేశముల చరిత్రమును దీనికి విరుద్ధము గాదు. అయిదవ శతాబ్దియందు జాన్ కాషియను ఒక చిన్నవాక్యమును మరల మరల ధ్యానించు పద్ధతిని సన్న్యాసులకు బోధించెను. పదునేడవ శతాబ్దియందు పారిసునగర కార్మెలీయమఠమున వంటపని చేసిన సహోదరుఁడు లారెన్సు గిన్నెల మధ్యనే దైవసన్నిధి నభ్యసించెను. 1970 తరువాత అమెరికాలో థామసు కీటింగు మొదలగు సన్న్యాసులు ఒక పవిత్రపదమును గొని దినమునకు రెండుమాఱులు ఇరువదేసి నిమిషములు నిశ్శబ్దముగాఁ గూర్చుండు పద్ధతిని సామాన్యగృహస్థులకు నేర్పిరి. 1975లో లండనునందు ధ్యానకేంద్రమును బెట్టిన జాన్ మెయిను జపధ్యానమును దొలుత మలయాలో నొక హిందూస్వామివలన నేర్చెను. ఇందఱును మౌనమును మఠమునుండి విచారణకుఁ దెచ్చుటకే పాటుపడిరి. కాని వారి శిష్యులలో బెక్కండ్రకు నోరు మూయించినవారు లేరు. శబ్దముచే విసిగి మౌనమును గోరిరి. మెట్టసీమవాఁడు మౌనముచే విసిగి శబ్దమును గోరెను. ఈ భేద మెఱుంగక యా పద్ధతి నిచట నున్నదున్నట్లు నాటుట తగదు.

కావునఁ గీర్తన తొలిమెట్టు, మౌనము పైమెట్టు అను రెండవ పక్షము నిలువదు. పల్లెలో గొంతెత్తి పాడుట భక్తి మాత్రమే గాదు. నోరు గలవాఁడ నని లోకమునకుఁ జాటుట. దోర్నకల్లు బిషప్పుగా 1912 మొదలు 1945 వఱకు నుండిన అజరయ్యగారు గ్రామసంఘములోని ప్రతివ్యక్తియు సాక్ష్యము పలుకవలయునని పట్టుపట్టుటలో నీ మర్మము గలదు. పలుకఁగలవాని మౌనమే మౌనము. పలుకరానివాని మౌనము మూఁగతనము. మొదటిది సమర్పణము, రెండవది నష్టము.

మఱి యే పదము తగును? 'సన్నిధి' యని మా యభిప్రాయము. 1938లో రాజమహేంద్రవరమున బైబిలు మిషనును బ్రారంభించిన ముంగమూరి దేవదాసు అయ్యగారి సంప్రదాయమున, దేవుని యెదుటఁ గనిపెట్టుకొని యుండుటకు నీ మాటయే రూఢమైనది. ఇది యజమానుని యాజ్ఞ గాదు, మునివృత్తియుఁ గాదు. దీని కేకాంతము గాని గది గాని యావశ్యకము గాదు. దగ్గఱనుండుట యని మాత్రమే దీని యర్థము. నోరు మూయుమని చెప్పక, ఎవరి యెదుట నున్నామో తలంపుమని చెప్పును. పాడుచు సన్నిధి నుండవచ్చును, పాట ముగించియు నుండవచ్చును. కీర్తనకును మౌనమునకును మెట్లభేదము లేకుండఁ జేయు పద మిది.

బోధించువారికి నొక్క మాట. సంఘమును నిశ్శబ్దముగాఁ గూర్చుండుమని కోరు గురువు తానును బీఠమునుండి దిగి వారితోఁ జాపమీఁదఁ గూర్చుండవలయును. తాను మాటాడుచు నితరుల నూరకుండుమనుట ప్రార్థన గాదు, పాలనము. ముందు పల్లెవారి మొఱలను నోరార చెప్పనిచ్చి, కీర్తన నెలుఁగెత్తి పాడనిచ్చి, పిదప నిశ్శబ్దమును గోరవలయును. అప్పు డా నిశ్శబ్దము వెంకయ్య నిరీక్షణమువంటి దగును. పాఠశాలలలో నీ కీర్తనల తెలుఁగును జెప్పు పండితులును 'ఊరకుండు' ధాతువునకు నోరు మూయుట యను నర్థముతో నిలువక, చేయి సడలించుట యను మూలార్థమును జెప్పి, ఆ యాజ్ఞ ఎవరి చేతులకో విద్యార్థుల నడుగుదురుగాక.