పావులూరి గణితమున చతురంగసంఖ్య : పాఠనిర్ణయము

మహావీరాచార్యుని గణితసారసంగ్రహము నాంధ్రీకరించిన పావులూరి మల్లన రచించెనని ప్రసిద్ధి గాంచిన చతురంగసంఖ్యాపద్యము పండితులకు సుపరిచితము. చతురంగఫలకమున మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 4 చొప్పున రెట్టించుచు 64 గడులును నింపినచో మొత్తము 18446744073709551615 అగును. ఇరువది యంకెల యీ సంఖ్యను మల్లన భూతసంఖ్యలతో నొక చంపకమాలలో నిమిడ్చెను. ఆ నేర్పు శ్లాఘ్యమే. అయినను ఛందస్సు కుదిరిన పాఠమెల్ల సాధువని తలచుట కావ్యమున నెట్లున్నను గణితమున జెల్లదు.

భూతసంఖ్యలయం దంకెలు ఏకస్థానమునుండి యెడమకు నడచును. పద్యమున నైదవదియగు 'శర' పదము 5ను దెలుపును. లేఖకుడు దానికి మాఱుగా 'గిరి' యని వ్రాసె ననుకొందము. రెండును లఘుద్వయములే. గణము చెడదు, యతి చెడదు, ప్రాస చెడదు. కాని 5 పోయి 7 వచ్చును. మొత్తమున 20000 అధికమగును. ఈ దోషమును లక్షణశాస్త్రము చూపజాలదు; సంఖ్యాధర్మమే చూపవలెను.

ఎట్లన, రెండు ఘాతములను 9చే భాగింప శేషములు 2, 4, 8, 7, 5, 1 అను వరుసతో దిరిగి తిరిగి వచ్చును. అఱువదినాల్గవ ఘాతమునకు శేషము 7. ఒకటి తీసివేయగా 6. యథార్థసంఖ్య యంకెల కూడిక 87. దానికిని శేషము 6. 'గిరి' పాఠమున కూడిక 89, శేషము 8. కనుక నా పాఠము త్యాజ్యము.

'రంధ్ర' పదమును, రంధ్రమనగా బిలమే కదా యని, శూన్యముగా గ్రహించినచో నవశేషము మాఱదు. అచ్చట 11 సాక్ష్యము చెప్పును. ఏకస్థానము మొదలు బేసిస్థానముల కూడిక 62, సరిస్థానముల కూడిక 25, భేదము 37, పదునొకంటిచే శేషము 4. రెండు అఱువదినాల్గవ ఘాతమునకు 11చే శేషము 5 గాన, ఒకటి తీసిన 4 సరిపోవును. రంధ్రము సున్న యైనచో భేదము 28, శేషము 6. కావున దేహమందలి నవరంధ్రములనుబట్టి 9 యే గ్రాహ్యము.

అట్లని సంఖ్య యొక్కటియే చాలునా? చాలదు. పద్యారంభమందలి 'శర'కు మాఱుగా 'ఇషు' అనినను విలువ 5 గానే నిలుచును. కాని యతియు బ్రాసయు రెండును భంగమగును. ఒక శాస్త్రము విడిచిన దోషమును రెండవది పట్టుచున్నది.

పూర్ణనిర్ణయమును గష్టసాధ్యము కాదు. రెంటిని ఆఱు మాఱులు వర్గింపగా 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616 వరుసగా వచ్చును. కడపటిదానినుండి ఒకటి తీసివేయవలెను. పింగళుని ఛందస్సూత్రములు వృత్తసంఖ్యను సాధించుటకు జూపిన మార్గమునందును ఈ వర్గక్రియ యున్నది. ఛందోగణితముల బాంధవ్య మట్టిది. గణితపద్యమును బరిష్కరించువారును, బాలురకు బోధించువారును లక్షణగ్రంథముతోపాటు పలకయు బలపమును జేపట్టుట యావశ్యకము.