హాలు అద్దెకివ్వడమూ ఒక పనితనమే
బర్కిలీలో 1930లో తెరిచిన మహిళల సిటీ క్లబ్ భవనం పేరు చెబితే దాన్ని రూపొందించిన జూలియా మోర్గన్‌నే తలుచుకుంటారు. కాలిఫోర్నియాలో లైసెన్సు పొందిన తొలి మహిళా ఆర్కిటెక్టు ఆమె; ఆ పొగడ్త న్యాయమే. కానీ ఆ కమానులు, ఈతకొలను నేటికీ నిలిచాయంటే సగం పుణ్యం హాళ్లు అద్దెకిచ్చే సిబ్బందిది. మీటింగుకీ పెళ్లివిందుకీ నడుమ కుర్చీలు మార్చాలి, పాత నేల గీరుకుపోకుండా చూడాలి, కాఫీ వేళకు అందించాలి.

చరిత్రను గంటల లెక్కన అమ్ముకోవడమేమిటని అడగొచ్చు. కానీ ఆ భవనం మ్యూజియంగా కట్టింది కాదు; ఆడవాళ్లు కలుసుకోవడానికి, భోంచేయడానికి, బస చేయడానికి కట్టుకున్నది. అద్దె పెరిగితే చిన్న సంఘాలు రాలేవన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. దానికి విరుగుడు ఖాళీ రోజుల్లో ధర తగ్గించడమే, తాళం వేయడం కాదు. జనం మసిలే హాల్లో కప్పు కారితే వెంటనే తెలుస్తుంది. బాగుచేయించే డబ్బులో కొంతైనా ఆ బుకింగుల నుంచే రావాలి.