మోచేయి ఎక్కడ జారుతోంది?

ఎమ్మారై రిపోర్టు పట్టుకుని వచ్చే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కబడ్డీలో పట్టు విడిపించుకోబోయి అరచేతి మీద పడతారు, మోచేయి వెనక్కి తప్పుతుంది. దగ్గర్లోని ఆసుపత్రిలో కీలు సరిచేసి పంపుతారు. తర్వాత రిపోర్టులో ‘లిగమెంట్లు పూర్తిగా తెగాయి’ అని చదివాక ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. ‘ఆపరేషన్ ఎప్పుడు సార్?’ అంటూనే లోపలికొస్తారు.

నా జవాబు వాళ్లకు రుచించదు. పెద్దవాళ్లలో భుజం తర్వాత ఎక్కువగా తప్పే పెద్ద కీలు మోచేయే. అది తప్పిందంటేనే లిగమెంట్లు తెగాయని అర్థం. స్వీడన్‌లోని మాల్మో వైద్యులు ఎముక విరగకుండా కీలు మాత్రమే తప్పిన 30 మందిని తీసుకుని, కొందరికి కుట్టారు, కొందరికి కట్టుతో సరిపెట్టారు. 1987లో ఫలితాలు ప్రచురించారు. కోసి చూసిన ప్రతి మోచేతిలోనూ లోపలివైపుదీ బయటివైపుదీ రెండు లిగమెంట్లూ తెగే ఉన్నాయి. అయినా కుట్టించుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా బాగుపడిందేమీ లేదు.

మరి కత్తి ఎవరికి? ఎముకలు కూడా విరిగితే కథ వేరు, అక్కడ పెద్దగా తర్జనభర్జన ఉండదు. విరగనివాళ్లలో అనుమానం ఉంటే మత్తిచ్చి, సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద చూస్తూ, వంచిన చేతిని మెల్లగా చాపుతాను. చివరిదాకా కీలు నిలబడితే ఇంటికి పంపేస్తాను. ఇంకా ముప్పై నలభై డిగ్రీల వంపు ఉండగానే వెనక్కి జారిపోతే, ముంజేతిని బోర్లా తిప్పినా ఆగకపోతే, కుట్టక తప్పదు.

బయటివైపు కోశాక చాలాసార్లు వెతకాల్సిన పనే ఉండదు. దండచేతి ఎముక కింది కొస, సున్నం పెచ్చు ఊడిన గోడలా బోడిగా కనిపిస్తుంది. దాన్ని అంటుకుని ఉండాల్సిన లిగమెంటు, ఒక్కోసారి పైనున్న కండరంతో సహా, కిందికి ఊడి పడి ఉంటుంది. దారాలున్న చిన్న యాంకర్‌ను ఎముకలోకి దించి, ఆ దారాలతో లిగమెంటును పైకి లాగి, మోచేయి వంచి ఉంచి ముడి వేస్తాం. చెప్పడానికి ఇంతే. యాంకర్ సరిగ్గా కీలు తిరిగే ఇరుసు మధ్యలో పడాలి. కాస్త పక్కకు పోయిందా, చెయ్యి వంచినప్పుడు బిగుసుకుని చాపినప్పుడు వదులవుతుంది, లేదా తలకిందులుగా. చేతిపనితనం అంటూ ఏదైనా ఉంటే ఇక్కడే.

యూట్యూబ్ చూసి వచ్చినవాళ్లు ‘టామీ జాన్ ఆపరేషన్’ అడుగుతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అమెరికన్ బేస్‌బాల్ పిచ్చర్ టామీ జాన్‌కు ముంజేతి స్నాయువు తీసి, లోపలివైపు లిగమెంటును కొత్తగా కట్టాడు. బంతులు విసిరి విసిరి పాడైన చేతికి చేసిన పని అది. ఒక్క దెబ్బకు ఊడిన తాజా లిగమెంటుకైతే ఉన్నదాన్నే తిరిగి అతికిస్తే చాలు.

కుట్టినా కుట్టకపోయినా నన్ను ఎక్కువ భయపెట్టేది బిగుసుకుపోవడం. ‘కాస్త ఆముదం రాసి లాగితే సాగదా బాబూ?’ అని అమ్మమ్మలు అడుగుతారు. వద్దమ్మా, దెబ్బతిన్న మోచేతిని నలిపి గుంజితే కండలో ఎముక పెరిగే ప్రమాదం ఉంది. వెల్లకిలా పడుకుని, దండచేతిని నిట్టనిలువుగా ఎత్తి, మోచేతిని తనంతట తానే వంచి చాపమంటాను. ఆ భంగిమలో ముంజేతి బరువే కీలును చోటులో ఉంచుతుంది. బకెట్టు ఎత్తడం కొన్ని వారాలు బంద్.

ఆటగాళ్లందరికీ ఒకటే లెక్క కుదరదు. కూతకు వెళ్లేవాడికి పది డిగ్రీలు చాపు తగ్గినా ఆట సాగిపోతుంది. వెయిట్‌లిఫ్టర్ అయితే తల మీద చేతులు పూర్తిగా చాపి నిలపాలి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సంకేత్ సర్గర్ 139 కిలోలు ఎత్తబోయి కుడి మోచేయి దెబ్బతీసుకున్నాడు, ఆ నొప్పితోనే మళ్లీ ప్రయత్నించాడు, ఒక్క కిలో తేడాతో స్వర్ణం పోయింది. అలాంటి చేతికి వదులు ఎంత చేటో, అతిగా బిగించడమూ అంతే చేటు. అందుకే లిఫ్టర్ వస్తే ముందు బాగున్న చెయ్యి చాపమంటాను. కొందరికి అది సహజంగానే తిన్నటి గీత దాటి వెనక్కి వంగుతుంది. అలాంటివాడి చెయ్యి ‘తిన్నగా వచ్చింది’ అంటే ఇంకా కొంత రావాల్సి ఉన్నట్టే.