స్కూటర్ బృందమువారి తొలి గీతసంపుటము

జర్మనీ దేశమున హాంబర్గు నగరమునకు చెందిన స్కూటర్ అను బృందమువారు 1995లో తమ తొలి సంపుటమును వెలువరించిరి. దాని పేరు ‘అండ్ ది బీట్ గోస్ ఆన్’. పిల్లలు దీనిని పెట్టినపుడు పెద్దలు తలుపు మూయుట మా షోలాపురమున పెక్కు ఇండ్ల పరిపాటి. మేమును మూసినవారమే. మూసిన తలుపు దాటి ఆ దెబ్బ వచ్చుచునే యుండుటచేత, పూర్తిగా వినక తీర్పు చెప్పుట న్యాయము కాదని తలచి, ఒకనాడు కూర్చుండి మొదటినుండి కడవరకు రెండు మారులు వింటిమి.

ఇది సంగీతము కాదు, యంత్రపు రొద యనునది మొదటి ఆక్షేపణ. ఇతరులన్నచో అనవచ్చును గాని, మనవారి నోట ఈ మాట రాదగదు. ఇచ్చటి పద్మశాలి వాడలలో పుట్టినవారు జోలపాటకంటె ముందు మరమగ్గముల చప్పుడు విన్నవారు. రాత్రి పాళీలో కరెంటు పోయి మగ్గములు ఆగినచో, ఆ నిశ్శబ్దమునకు ఉలికిపడి నిద్ర లేచెడి ఇండ్లవి. టెక్నో అను ఈ ఫణితి కూడ కార్ఖానాల ఊరిలోనే పుట్టినది. అమెరికాలో మోటారుకార్ల నగరమైన డెట్రాయిట్‌లో, 1980ల దశకమున, వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ మొదలగు నల్లజాతి యువకులు దీనికి రూపు దిద్దిరి. వారు శ్రద్ధతో విన్నవారిలో జర్మనీలోని డుస్సెల్‌డార్ఫ్ వాసులైన క్రాఫ్ట్‌వెర్క్ ముఖ్యులు. 1989లో బెర్లిన్ గోడ కూలిన పిమ్మట, తూర్పు బెర్లినులోని పాడుపడిన నేలమాళిగలలో ఆ చప్పుడు మరల జర్మనీ ఇల్లు చేరినది.

ఈ బృందమున హెచ్.పి. బాక్స్టర్, రిక్ జె. జోర్డన్, ఫెరిస్ బ్యూలర్ అను ముగ్గురుండిరి. మొదటి ఇరువురును అంతకుముందు వేరొక బృందమున మృదువైన పాటలు కట్టినవారే. ఇందు బాక్స్టర్ పాడడు, కేక వేయును. బుర్రకథలో నడుమ నిలిచిన కథకునివలె ఇతడు పిలుచును. పలుకవలసిన వంతలు మాత్రము ఎదుట నున్న జనులే. అనేక పాటలలో నిమిషమునకు 150కి పైగా దెబ్బలు పడును. వినువాని గుండె అందులో సగము వేగముననే కొట్టుకొనుచుండును. కావుననే కూర్చుండి వినిన మావంటివారికి ఆయాసమే మిగులును. ఇది నిలుచుండి, పదిమందిలో, కాళ్లతో వినదగిన సంగీతము.

సంపుటమునకు ప్రాణము ‘హైపర్ హైపర్’. ఈ పాట 1994లోనే విడిగా వెలువడి జర్మనీ పట్టికలో 2వ స్థానము నందుకొన్నది. ఇందు కథ లేదు, వర్ణన లేదు. వెస్ట్‌బామ్, మరూషా, స్వెన్ ఫేట్ మొదలుగా, నాట్యశాలలలో రికార్డులు తిప్పు కళాకారుల పేర్లను బాక్స్టర్ వరుసగా ఎలుగెత్తి చదువును. ఇది మాకు క్రొత్తగా తోచలేదు. మన ప్రబంధముల అవతారికలలోని పూర్వకవిస్తుతి యిదియే కదా! అయితే కుకవినింద మాత్రము ఇతడు చేయలేదు. ఆ పనిని శుద్ధ టెక్నో పక్షమువారు ఇతనిపైననే చేసిరి. అంగడి సరకని తూలనాడిరి.

దోషములును కలవు. ఒక పాట పేరు ఈ సంచికలో వ్రాయదగినది కాదు. కొన్నిచోట్ల గొంతు వేగమును పెంచి చిలుకపలుకు చేసిరి. ఒకమారు వినోదము, రెండవమారు విసుగు. వరుసగా వినినచో ఏ పాట ఎక్కడ ముగిసినదో తెలియదు.

మాకు నిజముగా నొచ్చినది వేరు. జర్మనులు జర్మనీలో కట్టిన ఈ సంపుటమున కేకలు ఆంగ్లమున నున్నవి. నలుదెసల అమ్ముడుపోవలెనన్న కోరిక కావచ్చును. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కొలువులో ఆంగ్లము మాటలాడిన మేము వారిని తప్పుపట్టుటకు నోరు చాలదు. కాని ఆ పేర్ల వరుస వచ్చినపుడు చెవి నిక్కబొడుచుకొన్నది. మాటలు పరాయివైనను, పేర్లలో పెక్కు ఆ నేలవి. వానిని అనువదించుట ఎవరితరము?

మా మనుమనికి తెలుగు చదువ రాదు. ఈ పాట వినుచు వాడొకనాడు ఆ తాళముపై మా వీధి ఇంటిపేర్లను కేకవేయ నారంభించెను: చిట్యాల, గాజుల, బోగ. వానికి నవ్వులాట. మేము పాటను ఆపించి, చిట్యాల యన నేమో యెరుగుదువా యంటిమి. ఎరుగనన్నాడు. తెలంగాణమున నొక ఊరని చెప్పితిమి. అక్కడికి రైలెక్కి పోవచ్చునా యని అడిగి, జవాబు వినక మునుపే పాటను మరల పెట్టినాడు.