వెలుగు ఎవరి మీద?

చీకటి పడ్డాక ఆడవాళ్ళు గడప దాటాలంటే ఏదో ఒక సాకు కావాలి. పెళ్ళో, జాగారమో, జాతరో, ఆస్పత్రిలో ఎవరికన్నా తోడు పడుకోవడమో. ఊరికే, ఓ పాత గోడను రాత్రిపూట చూసి వస్తామంటే "మతిగానీ పోయిందా?" అంటారు. అలాంటిది టిక్కెట్టు కొనుక్కుని, నలుగురితో కలిసి దర్జాగా కూర్చుని, చీకట్లో కోటను చూడొచ్చంటే ఎవరు కాదంటారు చెప్పండి? మా బాల్కొండ నుంచి అత్తమ్మా, నేనూ, మా ఆడబిడ్డా, పక్కింటి ఇద్దరూ వ్యాన్ మాట్లాడుకుని గోల్కొండకు బయలుదేరింది ఆ ధీమాతోనే. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ మార్కెట్‌కు పంపించేశాం గనుక ఇంట్లోనూ కాస్త తీరిక చిక్కింది.

నిజం చెప్పొద్దూ, నేను వెళ్ళింది కోట కోసం కాదు, కథ కోసం. నవలలు రాసేదాన్ని కదా, ఇంకొకరు కథ చెబుతుంటే ఎక్కడ మొదలెట్టారు, ఎక్కడ తొందరపడ్డారు, ఎవరిని దారిలో వదిలేశారు అని లెక్కలు కట్టే పాడు అలవాటు ఒకటి పట్టుకుంది. సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన కూడా అచ్చంగా కథే. నటులు కనిపించరు. రాళ్ళే రంగస్థలం, గొంతులే పాత్రలు. తెర ఎత్తేదీ దించేదీ దీపాలు. గోల్కొండలో ఇది 1990ల నుంచీ ఉంది. స్కూలు పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూశాను. 2024 జనవరిలో కొత్త హంగులతో మళ్ళీ మొదలైంది. ఇప్పుడు గోడల మీద బొమ్మలే కదులుతున్నాయి.

పొద్దుండగానే చేరాం. గైడు మమ్మల్ని ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు కిలోమీటరు దూరంలో, కొండ కొమ్మునున్న బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్ళకు తెలియాలని చేసిన ఏర్పాటు.

"గింతేనా? మేము దర్వాజల నిలబడి పిలిస్తే పొలంల ఉన్నోళ్ళకు ఇనబడేది" అంది అత్తమ్మ. గైడు నవ్వేసి ఊరుకున్నాడు.

చీకటి పడ్డాక అసలు సంగతి. ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. దీపాలన్నీ ఆరిపోయి, మొదటి మాట వినిపించేలోగా ఓ రెండు క్షణాల నిశ్శబ్దం ఉంటుంది చూడండి, దానికే టిక్కెట్టు డబ్బులు చెల్లు. పగలంతా పిల్లలు ఎక్కి దూకిన మొండిగోడలు ఒక్కసారిగా పెద్దవైపోతాయి. గొల్లవాళ్ళ కొండ గోల్కొండ కావడం, కాకతీయుల నాటి మట్టికోట కుతుబ్‌షాహీల చేతిలో రాతికోటగా మారడం, 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టి చివరికి లోపలివాడి ద్రోహంతో తలుపు తెరిపించుకోవడం, ఇదంతా కథకు పనికొచ్చే సరుకే. రామదాసు చెర మాట వచ్చేసరికి మా అత్తమ్మ ఆ చీకట్లోనే చేతులు జోడించింది. తానీషా కాలంలో కంచెర్ల గోపన్న ఖజానా సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి ఈ కోటలోనే బందీ అయ్యాడు కదా. పన్నెండేళ్ళని చెప్పుకుంటారు. ఆ పన్నెండేళ్ళూ ఆయన ఇల్లాలు పొయ్యి ఎట్లా వెలిగించుకుందో అని నాకనిపించింది. ఆ ప్రశ్న మీద దీపం పడలేదు.

అక్కడే మొదలైంది నా పేచీ. రాత్రి ప్రదర్శనలో వెలుగంటే కథకుడి చూపుడువేలు. పగలు మన కళ్ళు మన ఇష్టం. ఎక్కడైనా తిరుగుతాయి. రాత్రి అలా కాదు, వాళ్ళు చూపించిందే కోట. చూపించనిది లేనట్టే. ఆగ్రాలో తాజ్‌మహల్‌ను కూడా రాత్రిపూట చూడనిస్తారు. 2004లో సుప్రీంకోర్టు అనుమతితో మళ్ళీ మొదలైంది. పున్నమికి ముందు రెండు, వెనక రెండు కలిపి నెలకు అయిదు రాత్రులు, శుక్రవారాలూ రంజాన్ నెలా మినహా. యాభై మంది చొప్పున లోపలికి పంపి, అరగంటలో బయటికి పంపిస్తారు. అక్కడ కథ చెప్పే గొంతు లేదు, రంగుదీపాలు లేవు. చంద్రుడు పక్షపాతం లేకుండా అన్నిటి మీదా ఒకేలా పడతాడు. కానీ గోల్కొండ శిథిలం. దానికి కథకుడు కావాలి. అందుకే ఆ కథకుడి బాధ్యతా ఎక్కువ.

మరి ఆ రాత్రి నేను చెవుల్లో నింపుకుని వచ్చిన ఆడవాళ్ళెవరు? భాగమతి, తారామతి. ఒకరు ప్రేమించబడింది, ఒకరు పాడింది. భాగమతి అసలు ఉందా లేదా అన్నదాని మీద చరిత్రకారులకే ఏకాభిప్రాయం లేదు. తారామతి పాట గాలిలో తేలి బారాదరి నుంచి కోటదాకా వచ్చేదంటే వినడానికి బాగుంటుంది, కాదనను. పాటా ప్రేమా తక్కువవని కాదు నా ఉద్దేశం. కానీ మూడో ఆవిడ ఒకరుంది. ఆ కోట ఇంకో ముప్ఫయ్యొక్క ఏళ్ళు నిలవడంలో ఆమె చెయ్యి ఉంది. ఇంటికి పట్టుకెళ్ళిన పేర్లలో ఆవిడ పేరు లేదు.

తిరుగు ప్రయాణంలో, వ్యాన్‌లో లైటు ఆర్పేశాక ఆ కథ నేనే చెప్పాను. హయాత్ బక్షీ బేగం. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కూతురు. 1626లో భర్త పోయేనాటికి కొడుకు అబ్దుల్లాకు పన్నెండేళ్ళు కూడా సరిగా నిండలేదు. పిల్లవాడిని గద్దె మీద కూర్చోబెట్టి రాజ్యం తాను చూసుకుంది. 1656లో ఔరంగజేబు, అప్పటికింకా యువరాజే, కోటను ముట్టడించాడు. అరవై దాటిన ఆ తల్లి కోట దిగి, శత్రువు గుడారానికి తానే వెళ్ళి సంధి మాట్లాడింది. ఢిల్లీ నుంచి షాజహాన్ ఉత్తర్వు కూడా వచ్చిందనుకోండి. డబ్బూ ముట్టజెప్పారు, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళీ చేశారు. గెలుపు అని గొప్పగా చెప్పుకోలేం. కానీ కోట నిలిచింది. హయాత్‌నగర్ పేరు ఆమెదే. బస్సు బోర్డు మీద ఎన్నిసార్లు చదివామో, ఎవరీ హయాత్ అని ఒక్కసారన్నా అడిగామా?

వ్యాన్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను. అప్పుడు అత్తమ్మ గొంతు వినిపించింది.

"మీ మామ పోయిన యేడు, పొలం కాయితాలు పట్టుకొని నేను బ్యాంకుకు పోయిన. అప్పటిదాంక ఒక్కదాన్నే ఆర్మూరు సుత పోయినదాన్ని కాదు. మేనేజర్ ముంగట కూసున్న. గడువు అడిగిన. గొంతు మంచిగనే ఉండె బిడ్డా, బల్ల కింద కాళ్ళు వణుకుతుండె. గామెకు గూడ వణికినయో ఏమో!"

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి కోడలిని. గడువు దొరికిందని తెలుసు, పొలం నిలిచిందని తెలుసు. కాళ్ళు వణికాయని ఆ రాత్రే తెలిసింది. మా ఇంటి కథ మీద కూడా వెలుగు ఇన్నాళ్ళూ వేరేచోట పడుతూ వచ్చిందన్నమాట.

కాబట్టి నా విమర్శ ఇంతే. ఇలాంటి ప్రదర్శనలు రావాలి, ఇంకా చాలాచోట్ల రావాలి. మా నిజామాబాద్ ఖిల్లాకూ రావాలి. జైలుగా ఉన్న రోజుల్లో దాశరథి బొగ్గుముక్కతో పద్యం రాసిన గోడ అక్కడిదే. ఆడవాళ్ళు నిర్భయంగా చీకట్లో కూర్చునే చోటు ఒకటి పెరిగినా మేలే. కాకపోతే కథ రాసేవారు దీపం వెలిగించే ముందు ఒక్కసారి ఆలోచించాలి: కోటలో పాడినవాళ్ళ మీదేనా, కోటను కాపాడినవాళ్ళ మీద కూడానా?

మా బాల్కొండ ఖిల్లాకు టిక్కెట్టు లేదు, గైడు లేడు, గోడ మీద కదిలే బొమ్మలు అసలే లేవు. మర్నాడు రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మ డాబా ఎక్కి అటు తిరిగి నిలబడింది. నేనూ వెళ్ళి పక్కన నిలుచున్నాను. చీకట్లో గుట్ట మాత్రం నల్లగా కనిపిస్తోంది. ఉన్నట్టుండి అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఖిల్లా నుంచి జవాబేమీ రాలేదు. ఎదురింటి పిల్లాడు మాత్రం కిటికీలోంచి తొంగిచూసి, "ఏంది నాయనమ్మా, కోతులొచ్చినయా?" అన్నాడు.