అంకెలకు సాక్షి ఎవరు?

వ్యాపారి లెక్కలో ప్రతి పద్దు రెండు చోట్లకు ఎక్కును. ఒక చోట జమ, ఒక చోట ఖర్చు. ఈ పద్ధతిని 1494లో వెనిసు నగరమున అచ్చయిన తన గణితగ్రంథములో లూకా పాచియోలీ అను ఇటలీ దేశపు సన్యాసి వివరించినాడు. ఇందులోని గొప్పతనమేమనగా, రెండు వైపుల మొత్తములు సరిపోకున్నచో ఎక్కడనో పొరపాటు జరిగినదని లెక్కయే చెప్పును. తన తప్పును తానే బయటపెట్టు ఈ గుణమే ఐదువందల ఏండ్లుగా జమాఖర్చులకు గౌరవము తెచ్చినది. ఇటీవల వచ్చిన ఒక కొత్త సాధనము ఈ గుణమును నిలుపునా, పోగొట్టునా అన్నదే మన ప్రశ్న.

ఆ సాధనము జెనరేటివ్ ఏ.ఐ. కొందరు దానిని ఉత్పాదక కృత్రిమ మేధ అని తెలిగించుచున్నారు. చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. ఒక కంపెనీ వార్షిక నివేదికను దీని ముందుంచి, "దీనిని బొమ్మలతో చూపించు" అన్నచో కొద్ది నిమిషములలో ఒక పుట తయారగును. సంవత్సరము మీద నొక్కితే ఆ ఏటి పటము వచ్చును. ఒక మీటను పక్కకు జరిపితే, అమ్మకములు పెరిగినచో లాభమెంత కాగలదో కనిపించును. అచ్చు నివేదికను మనము చదువగలము, అంతే. ఈ నివేదికను ప్రశ్నింపవచ్చును. పూర్వము ఇట్టి పుటను తయారు చేయుటకు లెక్కలు తెలిసినవాడు, ప్రోగ్రాము వ్రాయువాడు కలిసి దినముల తరబడి కూర్చొనవలసి వచ్చెడిది. తన పొదుపును వాటాలలో పెట్టిన పింఛనుదారునికి కూడ నేడు ఇది అందుబాటులోనికి వచ్చినది. ఈ మేలును కాదనుట న్యాయము కాదు.

కాని 2023 ఫిబ్రవరి 7వ తేదీన జరిగిన దానిని గుర్తు చేసికొనవలెను. ఆనాడు అమెరికాలోని రెడ్మండ్ నగరమున మైక్రోసాఫ్టు సంస్థ తన కొత్త బింగ్ సాధనమును ప్రపంచమునకు ప్రదర్శించినది. బట్టలమ్ము గ్యాప్ అను కంపెనీ 2022వ సంవత్సరపు మూడవ త్రైమాసిక నివేదికను సంగ్రహింపుమని దానిని అడిగిరి. జవాబు చక్కని వాక్యములలో వచ్చినది. నిర్వహణ లాభము అమ్మకములలో 5.9 శాతమని అది చెప్పినది. నివేదికలో ఉన్నది 4.6 శాతము, ప్రత్యేకపు పద్దులను మినహాయించి సవరించినది 3.9 శాతము. 5.9 అను అంకె ఆ పత్రములో ఎక్కడను లేదు. సవరించిన స్థూలలాభము 37.4 శాతమని చెప్పినది. అది సవరించనిది; సవరించినది 38.7 శాతము. రాబోవు అమ్మకములు తగ్గవచ్చునని కంపెనీ చెప్పగా, పెరుగునని ఇది వ్రాసినది. సభలో ఎవరును గమనింపలేదు. మూలపత్రముతో పోల్చి చూచినవారి వలన కొద్ది దినముల తరువాత సంగతి బయటపడినది.

ఇట్లెందుకు జరిగినది? ఈ యంత్రము ప్రధానముగా ఒక మాట తరువాత ఏ మాట రాగలదో అంచనా కట్టు సాధనము. కోట్లకొలది వాక్యములను చూచి అది ఈ విద్య నేర్చినది. "నిర్వహణ లాభము" తరువాత ఒక చిన్న శాతము వచ్చునని దానికి తెలియును. 4.6 వచ్చినను 5.9 వచ్చినను వాక్యము వినసొంపుగానే ఉండును. మనకు అంకె ఒక కొలత. దానికి అదియు ఒక మాట ముక్కయే. వాక్యము కుదిరినంత మాత్రమున లెక్క కుదిరినట్లు కాదు.

ఆ తరువాత కొంత బాగుపడిన మాట నిజము. 2023 జులై నుండి చాట్‌జీపీటీ చందాదారులకు, యంత్రమే పైథాన్ భాషలో ప్రోగ్రాము వ్రాసి, నడిపి, లెక్క కట్టు సౌకర్యము లభించినది. కూడిక ప్రోగ్రాము చేయును గనుక కూడికలో తప్పు రాదు. అయితే తప్పు చోటు మార్చుకొన్నది. మా కళాశాల వసతిగృహపు భోజనశాల లెక్కలను విద్యార్థులు ఇట్టి సాధనమునకు ఇచ్చిరి. మే నెలలో సెలవులు గనుక ఆ గడి ఖాళీగా ఉన్నది. మిగిలిన పదకొండు నెలల ఖర్చు 9,90,000 రూపాయలు. తయారైన పుటలో మొత్తము 10,80,000 అని ఉన్నది! ఖాళీ గడిలో అది నెలసరి సగటు 90,000 రూపాయలను చెప్పకుండ నింపినది. పటము ఎంతో అందముగా ఉన్నందున మొదట అందరము మెచ్చుకొంటిమి. ఆవర్జాలోని మొత్తముతో సరిచూచిన ఒక విద్యార్థిని దానిని పట్టినది. కూడిక తప్పు కాదు. లేని ఖర్చును ఉన్నట్లు ఊహించుట తప్పు.

ఇంతకంటె సూక్ష్మమైన లోపము మీటలలో ఉన్నది. ఒక కంపెనీ అమ్మకములు 100 రూపాయలు అనుకొందము. సరకు ఖర్చు 60, అద్దె, జీతములు 30, లాభము 10. అమ్మకములు పదిశాతము పెరిగినవి. ఖర్చులన్నియు అదే వంతున పెరుగునని ప్రోగ్రాములో వ్రాసి ఉన్నచో ఖర్చు 99, లాభము 11. కాని అద్దె, జీతములు వెంటనే పెరుగవు. సరకు ఖర్చు మాత్రమే 66 అయినచో లాభము 110 నుండి 96 పోగా 14. ఒకచోట లాభము పదిశాతము పెరిగినది, మరొకచోట నలుబదిశాతము. రెండింటిలోను కూడికలు సరియైనవే. ఏ ఊహ మీద లెక్క కట్టబడినదో మీట చెప్పదు. మీటను జరుపువాడు తానే లెక్క చేయుచున్నాననుకొనును. నిజమునకు ఇతరుల ఊహను త్రిప్పుచున్నాడు.

దీనికి మందు లేకపోలేదు. కంపెనీలు తమ లెక్కలను ఎక్స్‌బీఆర్‌ఎల్ అను పద్ధతిలో సమర్పించు ఏర్పాటున్నది. ప్రతి అంకెకు ఒక చీటీ కట్టబడును: ఇది ఏ పద్దు, ఏ కాలమునకు చెందినది, ఏ నాణెములో ఉన్నది అని. మన దేశములో కంపెనీ వ్యవహారముల మంత్రిత్వశాఖ 2010-11 సంవత్సరపు లెక్కల నుండి కొన్ని తరగతుల కంపెనీలకు దీనిని విధించినది. చీటీ ఉన్న అంకెను ప్రోగ్రాము నేరుగా తీసికొనవచ్చును, ఊహించనక్కర లేదు. కావున యంత్రము చేత పుటను కట్టింపుడు, అంకెలను మాత్రము పుట్టింపనీయకుడు. ప్రతి అంకె మీద నొక్కినపుడు మూలపత్రములోని చోటు కనిపింపవలెను. ఖాళీ గడి ఖాళీగానే ఉండవలెను. ప్రతి మీట క్రింద దాని ఊహ వ్రాసి ఉండవలెను. ఆస్తుల మొత్తము, అప్పులు మూలధనముల మొత్తమునకు సరిపోవుచున్నదో లేదో పుటయే చూపవలెను. ఈ నాలుగును లేని నివేదిక ఎంత అందమైనదైనను నివేదిక కాదు, బొమ్మ మాత్రమే.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలోనే చేయింపవచ్చును. పాఠశాల ఆటల నిధి లెక్క చాలును. సగము మంది పిల్లలు కాగితము మీద, సగము మంది యంత్రముతో చేసి, రెండింటిని ఎదురెదురుగా పెట్టి చూడవలెను. తేడా లేకపోతే సంతోషము. ఉన్నచో ఆనాటి పాఠము అదియే. మా విద్యార్థిని చేసినది పెద్ద గణితము కాదు, ఒక్క మొత్తమును సరిచూచుట. పాచియోలీ నాటి అలవాటు అది. ఈనాటి యంత్రము మన చేతికి దానిని ఇవ్వలేదు. మనమే దానికి నేర్పవలెను.