కథకుడి కర్ర కోసం వేసిన బొమ్మ

గోండు చిత్రకళ అనగానే ఒళ్ళంతా చుక్కలూ గీతలూ నింపుకున్న జింకలు, కొమ్ములే కొమ్మలైన చెట్లు కళ్ళ ముందుకొస్తాయి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్‌కు చేరాక ఆ బొమ్మలు దేశదేశాలకూ వెళ్ళాయి. అతను పర్ధాన్. గోండుల వంశగాథలు పాడడం పర్ధాన్ల వృత్తి. మన ఆదిలాబాద్ రాజగోండుల దగ్గరా వాళ్ళు కిక్రి వాయిస్తూ ఆ పనే చేస్తూ వచ్చారు. పాడే ఇంటివాడే అక్కడ కుంచె పట్టాడు. జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉన్న చేర్యాలలో లెక్క వేరు. పాట ఒకరిది, బొమ్మ ఇంకొకరిది. ఇద్దరి మధ్యా మూడడుగుల వెడల్పున్న గుడ్డ ఒకటి ఉంటుంది. దాని పేరు పటం.

  

పటం వేసేది నకాశీలు, వేయించుకునేది కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు, గౌడుల ఇళ్ళకు వెళ్ళే గౌడజెట్టివారు... ఇలా ఏ కులానికి ఆ కులం కథకులుంటారు. ఏ కుటుంబానికి ఏయే ఊళ్ళ మీద హక్కో తాతల నాడే పంచుకున్నారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్ళకు పటం బదులు బొమ్మలుంటాయి. వాటిని చేసేదీ నకాశీలే. ఊరికి రెండు మూడేళ్ళకోసారి వచ్చే కథకుడు పటాన్ని కర్రకు వేలాడదీసి, వరస వరసగా విప్పుతూ, చేతి పుల్లతో బొమ్మను చూపిస్తూ రాత్రంతా పాడతాడు. పాత పటాలు ముప్పై, నలభై అడుగులు సాగేవి.

చేర్యాల పనితనం అందం ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ రాత్రిని ఊహించుకోవాలి. దీపం వెలుగు, ఎదురుగా కూర్చున్న వంద మంది, వెనక వరసలో కునికిపాట్లు పడే పిల్లలు. బొమ్మ అక్కడిదాకా కనిపించాలి. పటం నేలంతా ఎర్రరంగు పూయడం అందుకే పనికొస్తుంది. ఆ ఎరుపు మీద తెలుపు, పసుపు, నీలం ఎగిరొచ్చి కనిపిస్తాయి. దూరపు వస్తువు చిన్నదిగా, దగ్గరిది పెద్దదిగా వేసే పద్ధతి ఇందులో లేదు. కథలో ఎవరు ముఖ్యులో వాళ్ళే పెద్ద. రాముడూ కృష్ణుడూ నీలం, దేవతలు పసుపు, రాక్షసులు ముదురు గోధుమ. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాడికి కూడా ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక గుడ్డ తయారీ. ఖద్దరు బట్ట తీసుకుని బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, జిగురునీళ్ళు కలిపిన పూత పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకో పూత. ఇలా మూడు. పని మొత్తంలో ఎవరి కంటా పడనిది ఇదే, పటం బతుకంతా ఆధారపడేదీ దీని మీదే. పూత మందమైతే చుట్టినప్పుడు పగుళ్ళిస్తుంది. పలచనైతే రంగు పీల్చుకుని మసకబారుతుంది. గోడకు తగిలించే బొమ్మకు ఈ బాధ లేదు. ఊరూరా చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుని భుజాన మోసుకుపోయే పటం మడతకు ఓర్చుకోవాలి. చింతగింజ ఇచ్చే సాగుడు అక్కడ పనికొస్తుంది.

పూత ఆరాక పెన్సిలుతో గీసుకోవడమంటూ లేదు. నేరుగా కుంచెతోనే ఆకారం వేస్తారు. ముందు ఎర్రటి నేల, తర్వాత ఒంటి రంగులు, ఆ పైన బట్టలు, నగలు, చిట్టచివర నల్లగీత. దీపపు మసి నలుపు, శంఖపు పొడి తెలుపు, ఇంగిలీకపు ఎరుపు, నీలిమందు పాతకాలపు సరంజామా. కుంచె ఉడుత వెంట్రుకలది. చివరి నల్లగీతను దగ్గరగా చూడండి. ముక్కు దగ్గర సన్నగా బయల్దేరి గడ్డం కింద కాస్త బరువెక్కి మెడ దగ్గర మళ్ళీ సన్నబడుతుంది, ఎక్కడా చెయ్యి ఎత్తిన జాడ ఉండదు. కన్ను మాత్రం చేప ఆకారంలో పెద్దది. వెనక వరసవాళ్ళ కోసమే అది.

నన్ను ఎక్కువగా ఆపేసేది ఒక్కో బొమ్మ కాదు, రెండు వరసలు కలిసే చోటు. పటం వినాయకుడితో మొదలవుతుంది. అక్కడినుంచి కిందికి అడ్డం అడ్డంగా వరసలు, మధ్య పూలతీగ అంచు. ఒక వరసలో రాజు వేటకు బయల్దేరతాడు. కింది వరసలో అడవి. వరస మారినా గుర్రం తల తిరిగిన వైపే కథ నడవాలి, లేకపోతే కథకుడి పుల్ల తడబడుతుంది. ఒకే మనిషి ఒకే వరసలో మూడుసార్లు కనిపిస్తాడు, బయల్దేరుతూ, దారిలో, చేరాక. మధ్యలో ఒక తాటిచెట్టో, ఇంటి స్తంభమో గీసి కాలాన్ని విడగొడతారు. ఈ తాళ్ళూ, ఆడవాళ్ళ చీరకట్టూ, కల్లుకుండలూ అన్నీ తెలంగాణ ఊళ్ళవే. మార్కండేయుడి కాలమైనా మగ్గం మాత్రం మన ఊళ్ళో నేతగాడు కూర్చునే మగ్గమే.

పాత పటం చిరిగి పనికిరాకుండా పోతే కథకుడు దాన్ని మూలన పడేయడు. క్రతువు జరిపి ఏట్లో కలిపి, కొత్తది వేయిస్తాడు. అందుకే చాలా పాతవి మనకు మిగల్లేదు. కొన్నైనా దక్కాయంటే జగదీశ్ మిత్తల్ లాంటి సేకర్తల పుణ్యం. ఆయన ఈ పటాల మీద పుస్తకం కూడా రాశారు.

సినిమా, టీవీ వచ్చాక కథకులకు ఊళ్ళు పలచబడ్డాయి, నకాశీలకు గిరాకీ పోయింది. చేర్యాల నకాశీల్లో ఈ పని పట్టుకున్నవి కొన్ని కుటుంబాలే. జాతీయ పురస్కారం అందుకున్న డి. వైకుంఠం నకాశ్ కుటుంబం వాటిలో ఒకటి. వాళ్ళు దారి మార్చి బతికించారు. పొడవు పటంలోని ఒక్క ఘట్టాన్ని తీసి ఫ్రేముకు సరిపోయేలా వేశారు. బోనాలు, బతుకమ్మ, కల్లుగీత వస్తువులయ్యాయి. కొబ్బరిచిప్పకు చింతగింజల పిండి, రంపపు పొట్టు పట్టించి ముఖాలు చేశారు, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేశారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేర్యాల పేరు పెట్టి ఇంకెక్కడివో అమ్మకుండా చూసే హక్కు అది. గోల్కొండ హస్తకళల దుకాణాల్లో ఈ ముఖాలు అమ్ముతారు. చాలా చోట్ల రంగులు సీసాలోవి అయ్యాయి, దాన్ని నేను పెద్ద తప్పుగా చూడను. కళాకారుడు ఇంగిలీకం నూరుతూ కూర్చుంటే మనకు ముచ్చటే, నెల ఖర్చు ఎవరిస్తారు?

పోగొట్టుకుంటున్నది రంగు కాదు, వరసల కూర్పు. కీచెయిన్ మీద ముఖం, టేబుల్ మీద చిప్ప, గోడకు బతుకమ్మ. వీటితో ఎదిగిన చెయ్యి కన్నునూ గీతనూ పట్టుకుంటుంది. కానీ ఇరవై వరసల కథను అంచు మీంచి అంచుకు దాటించే పని ఒక పటం మొత్తం వేస్తేనే వస్తుంది. దానికి నెలలు పడుతుంది. పురస్కారాలూ ప్రదర్శనలూ ఇచ్చేవాళ్ళు ఏడాదికి ఒక్క పూర్తి పటమైనా వేయించి, దాన్ని అద్దాల పెట్టెలో కాకుండా ఒక కూనపులి మేళం చేతిలో పెట్టాలి. వరస ఎక్కడ తప్పిందో పాడేవాడు ఆ రాత్రే చెప్పేస్తాడు.